రెండు వేళ్లు వెనక్కి

తడి ఇసుక వాసన.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. లాంగ్‌జంప్ ఇసుక గుంతలో నిన్న ఆమె లాగిన దంతె గీతలు అలాగే ఉన్నాయి. ఒక్క అడుగూ పడలేదు.

ఎవరూ లేరు.

దూకడం నేర్పిన మాస్టారు ఉన్న రోజుల్లో ఆమె వచ్చేసరికే మట్టిదారి మీద అడ్డంగా ఒక సున్నపు గీత ఉండేది. ఆ గీత మీంచి పరుగు మొదలుపెడితే, పంతొమ్మిదో అడుగు సరిగ్గా గుంత ముందున్న చెక్కపలక మీద పడేది. అక్కణ్ణించి గాల్లోకి... ఆపైన ఇసుక. ఆ గీత ఎలా కొలుస్తారని ఒకసారి అడిగింది.

“లెక్క నాకొదిలెయ్యమ్మా. నువ్వు పరిగెత్తు,” అన్నారాయన.

వదిలేసింది. నాలుగేళ్లు.

వానలు మొదలైన వారమే మాస్టారు పోయారు. తొమ్మిది రోజులు ఆమె గ్రౌండు మొహం చూడలేదు. పదో రోజు వచ్చేసరికి గీత లేదు. వాన కడిగేసింది.

గుర్తున్నచోట నిలబడి పరిగెత్తింది. కాలు పలక దాటి జానెడు ముందు పడింది. ఇంకోసారి — పలకకు మూరెడు వెనకే. తొమ్మిది రోజుల్లో తన కాళ్లు తనకే పరాయివైపోయాయి.

సెలక్షన్లకు ఆరు వారాలున్నాయి. అక్కడ ఇచ్చేవి మూడు దూకుళ్లు. మూడుసార్లూ పలక దాటితే ఇంటికే. ఈ ఏడు తప్పితే వయసు కూడా దాటిపోతుంది.

అప్పట్నుంచి రోజూ తిరగేసి పరిగెత్తింది. పలక మీద నిలబడి, ఇసుకకు వీపు పెట్టి, పంతొమ్మిది అడుగులు. చివరి అడుగు పడినచోట ఒక గులకరాయి. మళ్లీ పరుగు. మళ్లీ రాయి.

మొదటి వారం రాళ్లు మంచమంత పొడుగున పరుచుకున్నాయి.

బట్టల కొట్టులో రోజంతా నిలబడి వచ్చే అక్క, ఆ సంగతి విని నవ్వింది. లోకమంతా ముందుకు పరిగెడుతుంటే మా చెల్లెలు ఒక్కతే వెనక్కి పరిగెడుతోందని. అయినా తెల్లవారుజామున అలారం పెట్టేది అక్కే.

జ్వరం తగిలిన రోజు నాలుగుసార్లే పరిగెత్తింది. మానలేదు. మానితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

బాగా దూకిన రోజున అలవాటుగా, మాస్టారు నిలబడే పక్కకి చూసేది. అక్కడ గడ్డి ఊగుతూ ఉండేది. ఒంటి నొప్పులన్నీ ఓర్చుకుంది గానీ, ఆ ఒక్క చూపునే ఓర్చుకోలేకపోయింది.

మూడో వారానికి రాళ్ల మధ్య మూరెడు. ఐదో వారానికి జానెడు.

ఈ పొద్దున... మూడు రాళ్లు, ఒకదాన్నొకటి తాకుతూ.

సెలక్షన్లు రేపు.

వాన మళ్లీ కడిగినా పోకుండా అక్కడొక మేకు దిగ్గొడదామని దారి అంచున కూర్చుని గడ్డి పీకింది. వేళ్లకు ఏదో గట్టిగా తగిలింది.

మేకు తల.

దానికి రెండు వేళ్ల అవతల, ఇసుక వైపు, ఇంకోటి. ఆపైన ఇంకోటి. పీకుతూ పోయింది. మొత్తం పద్నాలుగు. ఇసుకకు దగ్గరున్నవి ముట్టుకుంటే రాలేంత తుప్పు పట్టాయి. ఇటొచ్చేకొద్దీ తుప్పు తక్కువ.

నాలుగేళ్లూ ఒకటే గీత అనుకుంది. కాదు. ఆమె అంగ సాగినప్పుడల్లా ఆయన గీతను వెనక్కి జరిపారు. ఒక్కసారీ చెప్పలేదు. చెబితే పరుగు మానేసి అడుగులు చూసుకుంటుందనుకున్నారేమో.

పద్నాలుగో మేకు ఇంకా నల్లగానే ఉంది. ఆమె రాళ్లు దానికి రెండు వేళ్లు వెనక ఉన్నాయి.

ఆయన చూడని రెండు వేళ్లు.

ఏడుపొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి ఒక్కరే — ఆయనకు చెప్పే దారి లేదు.

తెచ్చిన మేకును మట్టిలో పెట్టి రాయితో కొట్టింది. పదిహేనోది.

రేపటి గ్రౌండులో ఈ మేకులుండవు. అందుకని పలక దగ్గర్నుంచి మడమకు వేళ్లు ఆనిస్తూ నడిచి కొలిచింది. నూట నలభై నాలుగు పాదాలు. లెక్క ఇప్పుడు తన దగ్గరుంది. పరుగూ తనదే.

సున్నం గుప్పెట్లోకి తీసుకుని గీత గీసింది. కాస్త వంకరగా వచ్చింది. దాని మీద కాలు పెట్టింది.

పక్కకి చూడలేదు.

ఎదురుగా... దంతె గీతలు. ఒక్క అడుగూ పడని తడి ఇసుక —