పై ఫ్లాట్‌లో చప్పుడు

ఆ భవనానికి మేనేజరుగా చేరిన కొద్దిరోజులకే గూఢచారికి తల బొప్పి కట్టింది. హంతకుల వల్ల కాదు, టీచరమ్మ వల్ల.

అతను వచ్చింది హత్య ఆరా తీయడానికి. పాత మేనేజరు మేడ మీంచి పడి చనిపోయాడు. తాగి పడ్డాడని రాసేసి పోలీసులు చేతులు దులుపుకున్నారు. కానీ ఆ మనిషి గుట్టుచప్పుడు కాకుండా గూఢచారి శాఖకు కబుర్లు అందిస్తుండేవాడు. ఆ భవనంలో ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి గానీ కాపురం ఎవరూ ఉండరు. ఊరూ పేరూ లేని విదేశీ కంపెనీలు కొంటాయి, ఇంకో దేశపు కంపెనీలకు అమ్ముతాయి. మత్తుమందుల సొమ్ము, లంచాల సొమ్ము అలా చేతులు మారి మారి, చివరికి ఉతికిన చొక్కా తొడుక్కున్న పెద్దమనిషిలా బ్యాంకుల్లోకి నడిచిపోతుంది. ఇది పసిగట్టినందుకే పాత మేనేజరు ప్రాణం తీశారని శాఖకు అనుమానం.

అంత భవనంలోనూ నిజంగా కాపురమున్నది టీచరమ్మ ఒక్కతే. ఒకప్పుడు ఆ స్థలంలో ఆవిడ ఇల్లుండేది. ఇల్లిచ్చి ఫ్లాటు పుచ్చుకుంది. ఉద్యోగం విరమించినా, పిల్లల్ని అదిలించిన గొంతు మాత్రం విరమించలేదు.

గూఢచారి ఆ కంపెనీల ఆఫీసుగది తాళం మీద చెయ్యి వేశాడో లేదో, ఫోను. "బాబూ మేనేజరూ! కుళాయి కారుతోంది." లాబీలో దొంగచాటుగా కెమెరా బిగిద్దామని నిచ్చెన ఎక్కితే కిందనుంచి అదే గొంతు. "ఆ బల్బు కాదు బాబూ, మా గుమ్మం ముందుది." నిచ్చెన దిగి, మోసుకెళ్ళి, ఆ బల్బే మార్చాడు. మార్చక చస్తాడా!

"ఏమయ్యా, ఏమైనా తేలిందా?" అని శాఖ నుంచి పెద్దసారు ఫోను.

"తేలింది సార్. టీచరమ్మ సింకులో కంపు ఎందుకొస్తోందో తేలింది."

"వేళాకోళమా?"

"ఏడుపు సార్."

ఆ తర్వాత మొదలైంది చప్పుడు గోల.

"మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తానా, నెత్తిమీద దడదడమని నడుస్తారు. పైవాళ్ళకి చెప్పు బాబూ."

"పైన ఎవరూ లేరండీ. ఆ ఫ్లాటుకి తాళమేసుంది."

"మరి నడిచేదెవరు, నువ్వా?"

"పైపులండీ. గాలి చేరితే చప్పుడు చేస్తాయి."

"పైపులు దగ్గుతాయా?"

పెద్దతనం, చాదస్తం అనుకున్నాడు గూఢచారి. అయినా రోజూ అదే పాట. చివరికి ఓపిక నశించి, "సరే, మీ ఎదురుగానే వెళ్ళి చూసొస్తాను, ఇక ఈ మాట ఎత్తకండి" అని తాళంచెవుల గుత్తి తీసుకుని విసవిసా మెట్లెక్కాడు. తాళం తీసి తలుపు తోశాడు.

ఎదురుగా బనీనుతో, మాసిన గడ్డంతో ఒక మనిషి. చేతిలో బకెట్టు.

"మేనేజరువేనా? ఇన్నాళ్ళకా రావడం! వేడినీళ్ళు రావట్లేదు" అన్నాడు చిరాగ్గా.

"రేపు చూస్తానండీ" అనబోయి నాలుక కరుచుకున్నాడు గూఢచారి. ఆ మొహం ఫోటోల్లో చూసిందే. కంపెనీలన్నిటి తరఫునా సంతకాలు చేసే లాయరు! శాఖ వాళ్ళు అతని కోసం విదేశాల్లో విమానాశ్రయాలన్నీ గాలిస్తున్నారు.

గూఢచారి చూపు చూడగానే లాయరుకి సంగతి అర్థమైంది. బకెట్టు వదిలేసి పరుపు మీద కూలబడ్డాడు.

"నన్ను చంపడానికి వాళ్ళు పంపారా?"

"లేదు. పాత మేనేజర్ని ఎవరు చంపారు?"

"మా మాటలన్నీ ఫోన్లో రికార్డు చేశాడు. ఫోనివ్వమన్నాను, ఇవ్వనన్నాడు. పెనుగులాటలో... తోసేశాను." అతను భోరుమన్నాడు. "ఇప్పుడు మావాళ్ళు నా నోరు మూయాలని వెతుకుతున్నారు. సొంత ఫ్లాట్లో వెతకరులే అని ఇక్కడ దూరాను."

గూఢచారి బయటికొచ్చి పెద్దసారుకి ఫోన్ చేశాడు. శభాష్ అంటారనుకున్నాడు.

"కదపకు" అన్నారాయన. "ఆ కంపెనీల వెనకున్నవాళ్ళతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకోబోతోంది. అది అయ్యాక చూద్దాం."

"ఈలోగా వాణ్ణి చంపేస్తారు సార్!"

"అది మన చేతుల్లో లేదు."

ఫోనుని గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది గూఢచారికి. పళ్ళు నూరుకుంటూ కిందికి దిగాడు. గుమ్మంలోనే టీచరమ్మ.

"ఏం బాబూ, పైపులేనా?"

"కాదండీ. మనిషే. మీరు చెప్పిందే నిజం, నాదే తప్పు."

"మరి పంపించెయ్."

"నా వల్ల కాదండీ. తాళమేసిన ఇంట్లో ఎవడో దూరాడని పోలీసులకి మీరే చెప్పాలి. వాళ్ళు వినకపోవచ్చు..."

"వినకపోవడమేంటి?" ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

పాపం ఇన్‌స్పెక్టరు! ముందు టీచరమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేసి అతని ప్రాణం తోడేసింది. లాభం లేదని టాక్సీ కట్టించుకుని వెళ్ళి అతని బల్ల ముందు తిష్ఠ వేసింది. పీడ విరగడైతే చాలనుకుని అతను బయల్దేరాడు. పోలీసుల్ని చూడగానే లాయరు, బతికానురా దేవుడా అన్నట్టు చేతులు చాచాడు. స్టేషన్లో, అక్కడ పోగైన విలేకర్ల ముందే, మొత్తం కక్కేశాడు. ఇక ఆ మాటల్ని వెనక్కి నెట్టడం ఎవరి తరమూ కాలేదు.

"పోలీసులకి ఎవరు చెప్పారు?" పెద్దసారు నిప్పులు కక్కారు.

"కింద ఫ్లాట్ ఆవిడ సార్. చప్పుడు భరించలేక."

"నిజం చెప్పు!"

"నిజమే సార్. కావాలంటే ఆవిడ నంబరిస్తాను, మాట్లాడండి."

"అక్కర్లేదు" అని పెట్టేశారాయన. గూఢచారికి రావలసిన ప్రమోషన్ అటకెక్కింది. ఫ్లాట్లకు సీళ్ళు వేశారు గానీ, సొమ్ము అప్పటికే మరో దేశానికి దాటిపోయింది.

వెళ్ళిపోయే ముందు గూఢచారి, పాత మేనేజరు భార్య నడుపుకునే కుట్టు దుకాణానికి వెళ్ళాడు. భవనంలో మీ ఆయన తర్వాత పనిచేసింది నేనేనని చెప్పుకున్నాడు.

"మీ ఆయన తాగి పడలేదమ్మా" అన్నాడు.

ఆమె మిషను ఆపింది.

"ఆయన చుక్క ముట్టడని ఆరోజే నెత్తీ నోరూ కొట్టుకున్నాను అన్నయ్యా. విన్నారా ఒక్కరైనా?"

ఆమె కుర్చీ మీది బట్టలు తీసి పక్కన పెట్టింది.

"కూర్చోండి. మొదట్నుంచీ చెప్పండి."

అతను కూర్చుని మొదట్నుంచీ చెప్పాడు.