సోమాచారి చేసిన పెట్టె

స్వరూప చంటిదాన్ని చంకన వేసుకుని రేడియో పెట్టె లోపల నడుస్తూ ఉంది. పెట్టె అంటే పెట్టె కాదు, వరంగల్లులో పాత రేడియోలు బాగుచేసే తమ కొట్టే, కానీ వీధి ఉండవలసిన చోట స్టేషన్ల పేర్లున్న అద్దం పచ్చగా వెలుగుతూ ఉంది, గోడలకు బిగించిన స్పీకరు గుడ్డ ఊపిరి పీల్చినట్టు లోపలికీ బయటికీ కదులుతూ ఉంది. నేలంతా చిత్రిక పొట్టు. పిల్ల ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని దాని వేళ్లు గట్టిగా పట్టుకునే ఉంది.

పొట్టు మధ్య మామ సోమాచారి, నిరుడు పోయిన మనిషి, ఎడంచేత్తో చెక్క చిత్రిక పడుతున్నాడు.

"అమ్మకానికి పెట్టిన పెట్టెకు పొద్దుగాల బేరం వస్తదట గదా," అంటాడు తల ఎత్తకుండా. "ఫారిన్‌దని చెప్పు. ఇంకేం మాట్లాడకు."

"ఫారిన్‌ది కాదు మామా. ఫారిన్‌వైతే పల్చటి చెక్కలు పొరలు పొరలుగ అతికి వంచినయి. ఇది అచ్చ టేకు. లోపలి మూలల చిత్రిక గీతలన్నీ ఎడమ దిక్కే వాలినయి. ఈ బజార్ల ఎడంచేత్తోని పట్టేటోనివి నువ్వొక్కనివే."

ఆయన నవ్వుతాడు. "పాలిష్ పెట్టంగ చూసినవా? అసలు పెట్టెను చెదలు తిన్నయి బిడ్డా. అద్దం మిగిలితే దానికి కొలిచి చేసిన. మనూళ్లె చేసిండ్రంటే ఎవలు కొంటరు?"

"కొనకుంటే ఇంట్లనే ఉంటది."

"ఇన్నొద్దులు ఫారిన్‌దన్న గదా, నన్ను దొంగంటరు."

"అననీ. నువ్వు నీ చెయ్యి దాసుకున్నవు. నేను పాలిష్ పెడితే నీ కొడుకు పెట్టిండంటరు, ఏడో తరగతిల బడి ఇడిసినదానికి ఏం తెలుస్తదంటరు. నేనైతే దాసుకోను. నీ పేరు చెప్త, నా పేరు చెప్త."

అద్దం మసకబారుతుంది, పొట్టు వడ్లలా కాళ్లకింద జారుతుంది, పిల్ల ఉన్నట్టుండి పెద్దదై చంక దిగి నడిచిపోతుంది, అయినా ఆమె మామ ముఖం మీంచి చూపు తిప్పుకోదు.

"నోరు మూసుకుంటెనే కొట్టు నడుస్తది," అంటాడాయన, గొంతు దూరపు స్టేషనులా వస్తూ పోతూ.

"చెప్త," అంటుంది. "చెప్త."

కళ్లు తెరిచేసరికి తెల్లవారింది. చంటిది పక్కనే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంది. పక్క మంచం మీద అత్త మోచేతి మీద లేచి తనవంకే చూస్తూ ఉంది.

"చెప్త చెప్త అని నిద్రల ఒక్కతీరుగ ఒర్రుతున్నవు. ఎవలికి చెప్తవే?"

"కొనేటాయనకు. ఆ పెట్టె మామ చేసిండని."

అత్త జుట్టు ముడి వేసుకుంటూ, "నేను చెక్క కదలకుండ పట్టుకుంటెనే మీ మామ కోసిండు," అంది. "అది గూడ చెప్పు."