కుడి అంచున చెయ్యి

మాడ్రిడ్‌లో ఒక్క రోజులో మూడు మ్యూజియంలు చూసేయాలని బయల్దేరే జనం మా గదికి చేరేసరికి ఈసురోమంటూ బల్ల మీద కూలబడతారు. వాళ్లకి కూర్చునే భాగ్యమైనా ఉంది. ఇక్కడ కాపలాదారుగా నేను ఇరవై ఆరేళ్లుగా నిలబడే ఉన్నాను. నా కాళ్ల గోడు ఎవడికి కావాలి?

ఆ గదిలోనే కసిల్దాగారు పాత చిత్రాలకు నకళ్లు గీస్తుంటారు, మ్యూజియం అనుమతి పత్రంతో. డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దావిడ. నలభై ఏళ్లుగా గీసినవన్నీ ఎవరెవరో కొనుక్కుపోయారు. ఈసారి తల్లీబిడ్డల బొమ్మ మొదలుపెడుతూ, "ఇదొక్కటీ మా ఇంటికే, నీవెస్. చూపు ఆనడం లేదు, మళ్లీ గీయలేను" అన్నారు నాతో.

శుక్రవారంతో అనుమతి గడువు ఆఖరు. ద్వారం పక్క గదిలో మా పై అధికారి బసీలియో ఆ బొమ్మను టేపు పట్టి కొలిచాడు. ఎవరూ అసలుదని అమ్ముకోకుండా, నకలు అసలు కంటే కనీసం ఐదు సెంటీమీటర్లు చిన్నదో పెద్దదో కావాలి. లేకపోతే గడప దాటదు. ఇది అచ్చం అసలంతే ఉంది.

"ఐదు తగ్గించే గీశాను కదయ్యా! గోడ మీదున్న చట్రంతో కలిపి కొలిచి..." అంటూనే కసిల్దాగారు తెల్లబోయారు.

"చట్రాన్ని ఎవరు కొలవమన్నారమ్మా, ఇన్నేళ్ల అనుభవం పెట్టుకుని! సరే, మొదటిరోజు ఖాళీ కాన్వాసు కొలిచి సంతకం పెట్టిన మహానుభావులెవరు?"

నేనే. ఆ పొద్దున కాళ్లు పీకేస్తుంటే, వంగడానికి బద్ధకించి, కొలవకుండానే గీకి పారేశాను. ఆ మాటే చెప్పాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"బాగుంది వరస! కోస్తారా, ఇక్కడే స్టోరులో పడేయమంటారా?" అన్నాడు బసీలియో.

"నువ్వే కొయ్యవే నీవెస్. నాకు గీత కనబడదు" అన్నారావిడ. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

పైన కోస్తే తల్లి నుదురు పోతుంది, కింద కోస్తే పసివాడి పాదాలు, ఎడమన తల్లి భుజం. కుడి అంచున మాత్రం, తల్లి వైపు చాచిన చిన్నపిల్ల చెయ్యి ఒక్కటే ఉంది. కత్తి పెట్టి కోశాను.

"ఏం పోయిందే?"

"ఏం లేదండీ. వెనకాల గోడ, అంతే."

ఆవిడ కొత్త అంచును వేళ్లతో తడిమి చూసుకున్నారు. కాన్వాసు చుట్టి చంకన పెట్టుకున్నారు.

"పోనీలే, గోడే అనుకుంటాను. ఆ చెయ్యి గీయడానికి నాకు నెల పట్టిందే."