స్థిరాస్తులు పదకొండు

నన్ను మా వీధిలో కత్తెర అంటారు. బట్టలు కుడతాను కాబట్టి ఆ పేరు అనుకునేరు. కాదు, అది నా నోటికి పెట్టిన పేరు. చిన్నప్పటి నుంచీ కాళ్ళు పనిచేయకపోయినా, ఆ లోటంతా నాలుక తీర్చేసిందని మా బాబాయి అంటుంటాడు.

బాబాయిది చక్రాల కుర్చీల షెడ్డు. ఆసుపత్రులు పక్కన పడేసినవీ, ఎవరి అటక మీదో తుప్పుపట్టినవీ తెచ్చి, బాగుచేసి, అవసరమైనవాళ్ళకి ఊరికే ఇస్తాడు. వాళ్ళ అవసరం తీరాక ఇంకొకరికి. అందరూ ఆయన్ని స్పానరనే పిలుస్తారు. ఆ ఏడాది షెడ్డులో పదకొండు కుర్చీలు మూలపడ్డాయి. కొన్నింటికి బేరింగులు పోయాయి, కొన్నింటికి టైర్లు లేవు. సామాను కొనే దారి లేదు. ఆ పదకొండింటిలో చట్రం విరిగిన కుర్చీ నాది.

నేను పనిచేసే కుట్టు దుకాణం యజమానురాలు మంచిదే. కాలితో తొక్కే పని లేకుండా, మోచేత్తో నొక్కితే నడిచేలా నాకోసం ఒక మెషిను అమర్చింది. కానీ ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచుతుంది? "నెలాఖరు దాకా నీ మెషిను ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత నన్ను తిట్టుకోకు" అని కబురు పంపింది. మంచం మీద కూర్చుని క్యాలెండరు వంక చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక కుటుంబంవాళ్ళు తమ తాతగారి పేరున ఫౌండేషన్ పెట్టి ఇలాంటి పనులకు గ్రాంట్లు ఇస్తారని తెలిసింది. విడి మనుషులకు ఇవ్వరు, రిజిస్టరైన సంఘాలకే ఇస్తారు. అదృష్టం కొద్దీ షెడ్డు పేర సంఘం రిజిస్టరు చేయించి ఉంది. మేము ఎవరం, ఏం చేస్తాం అని ఒక పేజీ ఉత్తరం రాయాలి, దానితో పాటు ఫారం నింపాలి.

"నేను రాస్తా. పదో తరగతి ఫస్టుక్లాసు నాది," అన్నాను.

"రాయవే తల్లీ. నేను రాస్తే స్పానరుతో చెక్కినట్టుంటుంది," అన్నాడు బాబాయి.

ఉత్తరం బ్రహ్మాండంగా కుదిరింది. ఫారంలో 'చరాస్తులు', 'స్థిరాస్తులు' అని రెండు గడులున్నాయి. ఇందులో ఆలోచించడానికేముంది? చరం అంటే కదిలేది, స్థిరం అంటే కదలనిది. షెడ్డు నుంచి వెళ్ళి జనం దగ్గర తిరుగుతున్న కుర్చీలు ఇరవై మూడు. చరాస్తులు: ఇరవై మూడు. స్థిరాస్తులు: పదకొండు. గ్రాంటు దేనికి అన్నచోట 'స్థిరాస్తుల మరమ్మతుకు' అని గుండ్రంగా రాసి, నా దస్తూరి చూసుకుని నేనే మురిసిపోయాను.

పది రోజులకు జవాబొచ్చింది. 'మా నియమాల ప్రకారం స్థిరాస్తుల కొనుగోలుకు గానీ మరమ్మతుకు గానీ గ్రాంటు ఇవ్వబడదు.' నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులుంది. నాకు తిక్కరేగింది. కాగితం మీదున్న నంబరుకి ఫోను కొట్టాను.

"కుర్చీలు బాగుచేసుకుంటామంటే కుదరదంటారేంటండీ? మరింకెవరికిస్తారు?"

అవతల ఒకమ్మాయి. ఆ ఇంటి మనవరాలేనట, ఆఫీసు పనంతా తనే చూస్తుందట. "కుర్చీలా? ఉత్తరంలో చూస్తే అద్దె రేకుల షెడ్డు, ఫారంలో చూస్తే పదకొండు బిల్డింగులు! మా పెదనాన్నకి అనుమానమొచ్చేసిందండీ."

"బిల్డింగులేంటి? కదలనివాటిని స్థిరాస్తులనక ఏమంటారు?"

ఆ అమ్మాయి నా మనసు నొచ్చుకోకుండా ఎంతో జాగ్రత్తగా చెప్పింది. "స్థిరాస్తంటే ఇల్లు, స్థలం అండీ. కుర్చీ విరిగిపోయినా చరాస్తే."

నా తల కొట్టేసినట్టయింది. పదకొండుమంది నోట్లో నా ఫస్టుక్లాసు తెలివి మట్టి కొట్టింది. నా మెషిను కూడా పోయినట్టే అనుకున్నాను.

"ఎల్లుండి మా ఇంట్లోవాళ్ళందరూ కూర్చుని ఎవరికి ఇవ్వాలో తేలుస్తారు," అంది తను. "అది దాటితే మళ్ళీ మూణ్ణెల్లకే. రేపు పొద్దున వచ్చి ఫారం దిద్ది సంతకాలు పెట్టగలరా? మా నాయనమ్మ కూడా ఉంటారు."

"నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే," అన్నాడు బాబాయి.

"తప్పు నాది. దిద్దేదీ నేనే," అని భీష్మించుకు కూర్చున్నాను.

మూలపడ్డ రెండు కుర్చీల సామాను కలిపి బాబాయి ఒక కుర్చీ నిలబెట్టాడు. ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది. నేను తిన్నగా పొమ్మంటే అది ఎడమకి పోతుంది. దారిపొడవునా దాన్ని తిడుతూనే ఉన్నాను. తీరా ఆఫీసు ముందుకొచ్చేసరికి మూడు మెట్లున్నాయి. మనవరాలూ, వాళ్ళ నాయనమ్మా మాకోసం గుమ్మంలోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే ముందు చక్రం ఊడి, దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగి అక్కడే ఆగిపోయింది.

బాబాయి తల గోక్కున్నాడు. "అదిగో అమ్మగారూ! చరాస్తి కాస్తా స్థిరాస్తయిపోయింది."

నాకు ఆయన్ని అక్కడికక్కడే నమిలేయాలనిపించింది. పెద్దావిడ మాత్రం పకపకా నవ్వింది. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. నవ్వుతూనే దిగొస్తూ, రెండో మెట్టు మీద ఆగి కిందికి చూసింది.

"నడవలేనివాళ్ళకోసమని ఎన్ని సంఘాలకిచ్చామే!" అంది మనవరాలితో. "ఈ మెట్లు ఒక్కరికీ కనపడలేదా? నాకు మాత్రం కళ్ళు లేవా?"

ఆవిడ నా పక్కన మెట్టు మీదే కూర్చుని, ఫారం నా ఒళ్ళో పెట్టింది. "దిద్దమ్మా. తొందరేం లేదు. నీకు కుర్చీ ఎప్పటికల్లా కావాలి?"

ఎవరేమడిగినా ఠక్కున అంటించే నోరు నాది. ఆ పూట బుద్ధిగా నిజం చెప్పింది. "నెలాఖరులోపు," అన్నాను. "నా మెషిను ఇంకెవరికో ఇచ్చేస్తారండీ." అని, ఇక ఆపుకోలేక వీధిలోనే ఏడ్చేశాను. ఆవిడ ఊరుకోమనలేదు. ఏడుపయ్యేదాకా ఆగి, పెన్ను అందించింది.

వారం తిరక్కుండా గ్రాంటు వచ్చింది. ముందు నాది చెయ్యమని నేను అడగలేదు, బాబాయే ముందు దానికి వెల్డింగు పెట్టాడు. నెలాఖరుకి ఒక్క రోజు ముందు దుకాణం గడప దాటాను. మెషిను మీద కప్పిన గుడ్డ అలాగే ఉంది.

"ఏం కత్తెరా, దుమ్ము కూడా నేనే దులపాలా?" అంది యజమానురాలు.

"నేనొచ్చాగా, ఇక మీరు నోరు మూసుకుని కూర్చోండి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నేను కుట్టిన మొదటి కుట్టు వంకరపోయింది.

ఏడాది తిరిగాక, గ్రాంటు ఎలా వాడామో నివేదిక పంపమని ఫౌండేషన్ నుంచి కాగితాలొచ్చాయి. అవే గడులు. చరాస్తుల దగ్గర ముప్పై నాలుగు కుర్చీలని వివరంగా రాశాను. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది.

"షెడ్డు కూడా అద్దెదేగా. ఏం లేవని రాసెయ్," అన్నాడు బాబాయి, కొత్త టైరు ఎక్కిస్తూ.

స్థిరాస్తులు: ఒక్కటి కూడా లేదు, అని రాశాను. రాసి, దాని కింద రెండు గీతలు గీశాను.

"లేదని రాయడానికి అంత సంబరమేంటే?" అన్నాడు బాబాయి.