ఉన్ని గోడకి ఇవతల

2020 జూలై పదకొండో తారీఖు, శనివారం. పొద్దున్న పాలు పోసిన టీ, మీగడ, ముందు రోజు కాల్చిన రొట్టె, జల్దారు పండ్ల జామ్ తిన్నాం. మా అమ్మ సైరకాన్ రొట్టె ముక్కకి మీగడ రాసుకుంటూ ఉండగా ఫోన్ మోగింది. ఆవిడ చెల్లెలు, మా బురుల్చా పిన్ని, తెల్లవారుజామున పోయింది. ఇస్సిక్-కుల్ సరస్సు వెంట తూర్పుగా ఓ గంట ప్రయాణం చేస్తే వాళ్ల ఊరు. అమ్మ చేతిలో ముక్కని కింద పెట్టలేదు. కొరికిన రొట్టెని వదలకూడదని మా ఆచారం కాబట్టి నమిలి, మింగి, అప్పుడు ఏడ్చింది.

పిన్నిది ఊపిరితిత్తుల జబ్బన్నారు. ఆ నెలలో అందరి గురించీ ఆ మాటే వినేవాళ్లం. మా అమ్మకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అందుకే వసంతకాలం నుంచి మా ఇంట్లో పెద్ద పని ఒక్కటే, ఆవిడ ఊపిరిని కాపాడుకోవటం. ఆ పని నడిపింది నా కోడలు నూర్జాత్. నేను కరకోల్ పట్నం కాలేజీలో భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి. నా భార్య అనారకాన్ పోయాక ఇంటి పెద్దరికం పేరుకి నాదే గానీ, ఆ వేసవిలో ఇంటిని నిలబెట్టింది ఆ పిల్ల.

మాస్కులు పాత దిండు గలేబులతో కుట్టింది. తలుపు పక్కన మేకులు కొట్టి, ఎవరిది వాళ్ల మేకుకి తగిలించేది. నా కొడుకు తలాయ్‌కి నీలం, నాకు గళ్లది, మనవరాలు మేరిమ్‌కి కుందేలు బొమ్మది. అమ్మకి మొదట పూలది కుట్టింది.

"ఏం పిల్లా, నాకు మళ్లీ పెళ్లి చేస్తున్నావా? పూలు కొత్త కోడళ్లకి. ముసలిదానికి తెలుపు" అంది అమ్మ.

"తెల్లది కుడితే పెట్టుకుంటారా అవ్వా?"

"కుట్టు, చూద్దాం."

కుట్టింది. అమ్మ పెట్టుకుంది కూడా. పొలం దగ్గర, ఆవు పాలు పితికేటప్పుడు, మనిషి నీడ లేనిచోట బుద్ధిగా పెట్టుకునేది. ఇంటికెవరైనా పెద్దవాళ్లొస్తే మాత్రం గబుక్కున తీసేసేది. ఒకసారి పక్కింటి షర్షే తాత వచ్చాడు. ఆయనా గుమ్మంలో తన మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ బోసి మూతులతో ఒకరికొకరు ఎదురుగా నిలబడి క్షేమసమాచారాలు మొదలుపెట్టారు.

"అవ్వా! మనుషులొచ్చినప్పుడే పెట్టుకోవాలి" అని నూర్జాత్ పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమనిషి ముందు మొహం దాచుకుంటే ఏమనుకుంటాడు? దొంగలం అనుకోడూ?"

"నేనేం అనుకోనులే సైరకాన్. నీ మొహం ఎప్పుడు చూసినా కొత్తగా ఏముందని" అన్నాడు తాత.

రొట్టె సంగతీ అంతే. మా వైపు గడప దాకా వచ్చిన మనిషి ఇంటి రొట్టెని నోటికి తాకించకుండా వెళ్లకూడదు. కొన్ని ఇళ్లవాళ్లు ఆ వేసవిలో గేటే తియ్యటం మానేశారు. నూర్జాత్ మానలేదు. గేటు దగ్గర ఓ ముక్కాలిపీట వేసి, పళ్లెంలో చిన్న చిన్న ముక్కలు పెట్టి, వెనక్కి వచ్చి నిలబడేది. వచ్చినవాళ్లు మొహం పక్కకి తిప్పి, మాస్కు దించి, ముక్క నోట్లో వేసుకుని, దీవించి, మళ్లీ పైకి లాక్కునేవాళ్లు. మా ఊళ్లో నాలుగు గేట్ల దగ్గర అలాంటి పీటలు వెలిశాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చూసి నేర్చుకున్నారు.

ఆ శనివారం ఉదయం అమ్మ ట్రంకుపెట్టెలోంచి తెల్ల తలగుడ్డ తీసింది.

"నానమ్మా, నువ్వు రావద్దు. నేనూ నాన్నా వెళ్తాం" అన్నాడు తలాయ్.

"నా చెల్లెలు."

"చావింట్లో వంద మంది ఉంటారు. అందరూ నిన్ను వాటేసుకుని ఏడుస్తారు. నీ ఊపిరి సంగతి..."

"నా ఊపిరి నాది. నేను ఏడుపు పాట పాడకపోతే బురుల్చాని ఎవరు సాగనంపుతారు? దాని పుట్టుక నుంచి చూసినదాన్ని నేనొక్కతినే మిగిలాను." తర్వాత నా వైపు తిరిగింది. "అసాంకుల్, నువ్వు చెప్పరా. నేను ఇంట్లో కూర్చుని టీవీ చూడనా?"

వెళ్తే ప్రాణానికి ముప్పు. ఆపితే ఆవిడ బతికినంత కాలం మమ్మల్ని క్షమించినా తనని తాను క్షమించుకోదు.

నూర్జాత్ టీ గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "అవ్వ వస్తుంది."

"నీకు మతిపోయిందా?" అన్నాడు తలాయ్.

"గుడారంలోకి వెళ్లదు. బయట కూర్చుంటుంది. ఆడవాళ్లు లోపల గోడ వైపే కదా తిరిగి కూర్చుంటారు? ఉన్ని గోడకి అటు బురుల్చా అవ్వ కూతురు కలీమా అత్త, ఇటు మన అవ్వ. ఎదురెదురుగానే ఉంటారు."

మా చావుల్లో శవాన్ని మందపాటి ఉన్ని గోడల గుడారంలో ఉంచుతారు. ఆడవాళ్లు ద్వారానికి వీపు పెట్టి, గోడకి ఎదురుగా కూర్చుని, పోయినవాళ్ల మంచిని పాడుతూ ఏడుస్తారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా, ఆ గోడకి ఇవతలి వైపు కూడా ఒకటుంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

"మూతికి గుడ్డ కట్టుకుని పాడితే చచ్చినదానికి వినపడుతుందా?" అంది అమ్మ. అప్పటికే ఆవిడ గొంతులో మొండితనం తగ్గింది.

"నన్ను తిట్టినప్పుడు ఆ గుడ్డ అడ్డొచ్చిందా అవ్వా? షర్షే తాత గొర్రెలు కూడా బెదిరిపోయాయి."

అమ్మ ఆ కన్నీళ్లలోనే నవ్వింది.

పిన్ని వాళ్ల పెరట్లో తెల్ల గుడారం వేసి ఉంది. కారు దిగి, నేనూ తలాయ్ మగవాళ్ల పద్ధతిలో గొంతెత్తి ఏడుస్తూ ముందుకు నడిచాం. అమ్మని చూడగానే ఆడవాళ్లు చేతులు చాపి వచ్చారు. నూర్జాత్ ఆవిడ ముందు నిలబడి, ఒక్కొక్కరికీ కోడలు వంగినట్టు నడుం వంచి వందనం చేసింది.

"మా అవ్వకి ఊపిరి తక్కువ. గొంతుతోనే పలకరిస్తుంది. ఏమీ అనుకోకండి."

"మీ ఇంటివాళ్లవే ప్రాణాలా? మావి కావా?" అంది ఒకావిడ, మాస్కు గడ్డం కింద వేలాడుతుంటే.

నూర్జాత్ ఇంకాస్త కిందికి వంగింది. ఆవిడ ఒక్క క్షణం చూసి, తన మాస్కు పైకి లాక్కుని, పక్కకి జరిగింది.

గుడారం వెనక పరుపు పరిచారు. అమ్మ కూర్చుంది. ఉన్నికీ ఆవిడ మొహానికీ మధ్య జానెడు దూరం. కాసేపు ఊపిరి కూడదీసుకుంది. పాట మొదట సన్నగా వచ్చింది, తర్వాత పెరట్లో మాటలన్నీ ఆగిపోయాయి.

"నా వీపున మోసిన చెల్లెలా, నాకంటే ముందే దిగిపోయావా? నీ జడ నేనల్లాను, నీ పెళ్లి గుర్రం కళ్లెం నేను పట్టాను. ఇవాళ నీ గుమ్మంలోకి రాలేక గోడకి చెప్పుకుంటున్నాను."

లోపల ఏడుపు ఆగింది. తర్వాత సరిగ్గా ఆ చోటు నుంచే పిన్ని కూతురు కలీమా గొంతు వినిపించింది. "పెద్దమ్మా, వచ్చావా! మా అమ్మ నిన్నే అడిగింది." లోపల ఆమె అరచేయి ఆనించినట్టుంది, ఉన్ని ఇటు కొద్దిగా ఉబ్బింది. అమ్మ తన అరచేయి అక్కడ ఆనించింది.

మాస్కు కన్నీళ్లకి తడిసి మూతికి అంటుకుపోయింది. నూర్జాత్ తన పెద్ద శాలువాని తెరలా పట్టి, తడిది తీసి పొడిది కట్టింది. పాట ఒక్క చరణం సేపు ఆగి మళ్లీ సాగింది. ఎన్నిసార్లు మార్చిందో నేను లెక్కపెట్టలేదు. ఆమె సంచీలో అన్నీ ఇస్త్రీ చేసిన తెల్లవే.

మధ్యాహ్నానికి ఇంకొందరు ముసలమ్మలు లోపలికి వెళ్లటం మానేసి, గుడారం చుట్టూ ఎడంగా వచ్చి కూర్చున్నారు. ఒకరు అందుకున్న పాట గోడ అవతల ఇంకొకరు ముగించారు. మగవాళ్లం నిలబడి విన్నాం. మా పిన్నికి దక్కినంత మంచి పాట ఆ ఏడాది మా వైపు మరెవరికీ దక్కలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఇంట్లో తర్వాత చాలామంది మంచం పట్టారు. కలీమా ఆక్సిజన్ దాకా వెళ్లి వచ్చింది. ఆ వార్త తెలిసిన రోజు నుంచీ నూర్జాత్ అమ్మ గది బయట వరండాలో పడుకోవటం మొదలుపెట్టింది. దగ్గు వినపడాలని గది తలుపు ఓరగా తీసి ఉంచేది. ఇంట్లో కూడా మాస్కు తియ్యలేదు.

"నన్ను కాపలా కాస్తున్నావా, గొర్రెననుకున్నావా?" అని అమ్మ రోజూ అడిగేది.

"గొర్రె అయితే ఇన్ని ప్రశ్నలు వెయ్యదు అవ్వా. పడుకోండి."

దగ్గు రాలేదు. జ్వరం రాలేదు. ఆగస్టులో ఒక సాయంత్రం, డాక్టరమ్మ వచ్చి అమ్మ ఛాతీ విని బాగుందని చెప్పి వెళ్లాక, నూర్జాత్ వరండాలోంచి పరుపు తీసి మడతపెట్టింది. అమ్మ అప్పటికే నిద్రపోయింది. నూర్జాత్ గుమ్మంలో నిలబడి ఆ ఊపిరిని కాసేపు వింది. నేను నడవలో ఉన్నానని గమనించి, వేలు పెదవుల మీద పెట్టుకోబోయి, మాస్కు తగిలి నవ్వుకుంది. మాస్కు విప్పింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె మొహం మొత్తం చూశాను. తాళ్ల గుర్తులు చెంపల మీద అలాగే ఉన్నాయి.

తర్వాత ఆమె గది తలుపుని చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, పూర్తిగా మూసేసింది.