మలుపు దగ్గర ఊడే ఆరో పెట్టె

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. మధ్యలో లేచి "ఇదెక్కడి చోద్యం" అంటే మాత్రం ఊరుకునేది లేదు. ఇందులో కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు. జరిగినదంతా చెబితే తట్టుకోలేరని సగం తగ్గించి చెప్పడమే ఇది.

కొక్కేల మేస్త్రి రోజూ పొద్దున ఆరింటికి లేచి, ముఖం కడుక్కుని, కాఫీ గ్లాసుతో వెనక గదిలోకి వెళ్ళేవాడు. ఆ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే బల్ల. బల్ల మీద వేలెడు వెడల్పు పట్టాలు, అగ్గిపెట్టెంత స్టేషను, ఒక మలుపు, మలుపులో ఇంకు సీసా అంత నీళ్ళ ట్యాంకు, అవతలి గోడ దగ్గర జంక్షను. ఒక ఇంజను, దాని వెనక అరచేతిలో ఇమిడే పెట్టెలు ఆరు. తొమ్మిదీ పదికి మేస్త్రి నల్ల మీట తిప్పి పట్టుకుంటే బల్ల మీది బండి కదిలేది. అది కదిలితే వీధి చివరి స్టేషన్లో ఊరి బండి కదిలేది. ఇది ఆగితే అదీ ఆగేది. చిన్నా పెద్దా అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడుకుంటే ఆరో పెట్టె గురించే.

మేస్త్రి పనితనం అలాంటిలాంటిది కాదు. చీమ చెవికి పోగు కుట్టమంటే కుట్టేవాడు, రెండో చెవికి కొలత తీసుకోకుండా. అంతటివాడికీ పదకొండేళ్ళుగా లొంగనిది ఆ పెట్టె. పెట్టెకీ పెట్టెకీ మధ్య కొక్కేలు గోరంత ఉండేవి, ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు పిడికిళ్ళలా. పిడికిలి కింద వంకీ తిరిగిన సన్న తీగ. దాన్ని పక్కకి లాగితే పిడికిలి తెరుచుకుంటుంది. రెండు పిడికిళ్ళూ ఒకే ఎత్తులో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా సరే, ఎగుడుదిగుడు తగలగానే ఒకటి జారిపోతుంది. మలుపు దగ్గర, బల్ల పలకలు రెండు అతికిన చోట, వారానికి మూడుసార్లు ఆరో పెట్టె అలాగే ఊడేది. ఊడిన రోజున బయట కూడా ఐదు పెట్టెలు జంక్షనుకి వెళ్ళిపోయేవి. ఆరోది నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడిపోయేది. అందులోని జనం దిగి నాలుగు మైళ్ళు వెనక్కి నడిచేవారు. వాళ్ళ నడకకి అక్కడో కాలిబాట పడింది.

"మేస్త్రిగారూ, మీ పుణ్యమా అని నిన్న ట్యాంకు నీడలో కూర్చుని పరీక్ష పేపర్లన్నీ దిద్దేశాను," అనేది టీచరమ్మ కిటికీలోంచి. "ఇవాళ దిద్దడానికేం లేవు. కాస్త జంక్షను దాకా చేర్చండి."

"ఇవాళ చూడండి. కొత్త వాషరు వేశాను."

"పోయిన వారం కూడా కొత్తదే వేశారు."

చేత్తో నెట్టొచ్చుగా అంటారేమో. ఒకసారి నెట్టాడు, అదీ చిటికెన వేలితోనే. లోపలున్న పద్నాలుగు మందికీ మెడలు ఎడమకి తిరిగి వారం దాకా అలాగే ఉండిపోయాయి. బట్టల కొట్టాయన ఆ వారమంతా గోడతోనే బేరాలాడాడు. అప్పట్నుంచీ మనుషులున్న పెట్టెని మేస్త్రి ముట్టుకోలేదు.

నాలుగు నెలల కింద ఆయన భార్య స్నానాలగదిలో జారిపడింది. మూడుసార్లు పిలిచింది. ఆ సమయానికి మేస్త్రి కొక్కేల ఎత్తు సరిచూసే కొలతబిళ్ళని పట్టాల మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. "ఒక్క నిమిషం," అన్నాడు. ఆ నిమిషం నలభై నిమిషాలైంది. ఆవిడ కుడి మణికట్టు విరిగి, వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత ఆవిడ ఆయన్ని పిలవడం మానేసింది, అంతే. డబ్బా మూత రాకపోతే పక్కింటావిడని పిలిచేది.

ఒక మంగళవారం ఆవిడ అటక మీది ట్రంకుపెట్టె దించి దుమ్ము తుడిచింది.

"మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. రేపు తొమ్మిదీ పది బండికి."

"ఎన్నాళ్ళకి?"

"తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు."

'వెళ్ళకు' అన్న మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం ఇంకోటి. "ముందు పెట్టెల్లో ఎక్కు. ఆరోదాన్ని నమ్మలేం."

"నేనెప్పుడూ ఆరోదే ఎక్కుతాను, కాస్త ఖాళీగా ఉంటుంది." ఎడంచేత్తో బట్టలు మడత పెడుతూ అంది. "అయినా పదకొండేళ్ళుగా దాన్నే తిడుతున్నారు. విప్పేదీ దాన్నే, అరగదీసేదీ దాన్నే. ముందున్నదే దాన్ని వదిలేస్తోందేమో, ఎప్పుడైనా చూశారా?"

"ఐదోదా? అదెప్పుడూ ఊడలేదే. బుద్ధిగా జంక్షను చేరుతుంది."

"చేరుతుంది. వెనక్కి చూసుకోదుగా."

మేస్త్రి వెనక గదిలోకి వెళ్ళి, ఐదో పెట్టె వెనక కొక్కేనికి కొలతబిళ్ళ ఆనించాడు. వెంట్రుకవాసి కిందికి వాలి ఉంది. పదకొండేళ్ళుగా అలాగే వాలి ఉంది. మర విప్పి, కాగితమంత పల్చటి వాషరు వేసి, తీగని పట్టకారుతో కాస్త పైకెత్తి, పెన్సిలు ముల్లు పొడి చేసి నూనెలో కలిపి అద్దాడు. మనుషులుంటే మెల్లగా నడపాలి గానీ ఖాళీ బండే కదా అని మీట చివరిదాకా తిప్పి, ఆ మధ్యాహ్నం ఇరవై ఒక్కసార్లు నడిపి చూశాడు. ఊరి బండి ఖాళీగా ఇరవై ఒక్కసార్లు జంక్షనుకి వెళ్ళొచ్చింది. స్టేషను మాస్టరు ఇరవై ఒక్కసార్లూ టోపీ పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ఒక్కసారి కూడా ఊడలేదు.

"ఏమే, విన్నావా," అంటూ గుమ్మం దాకా పరుగెత్తాడు మేస్త్రి. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ట్రంకుపెట్టెకి తాళం పడింది. అంత బాగా బిగించిన కొక్కెం రేపు ఎవర్ని తీసుకుపోతుందో అప్పుడు తట్టింది ఆయనకి.

వెనక్కి వచ్చి స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. అర చుట్టు వదులు చేస్తే చాలు. కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. బాగుచేయడమే తెలిసిన చెయ్యి, చెడగొట్టమంటే మొరాయించింది. ఎంత బతిమాలినా వినలేదు.

మర్నాడు ఆవిడ ట్రంకుపెట్టె, గొడుగు తీసుకుంది. "వంట చేసి పెట్టాను. వెళ్తున్నాను," అంది. వెళ్ళొస్తాననలేదు.

"వర్షం వచ్చేలా లేదే," అన్నాడు మేస్త్రి, గొడుగుని చూస్తూ. పదాలన్నీ ఉండగా ఆయనకి దొరికినవి అవే.

తొమ్మిదీ పదయింది. మీట తిప్పకపోతే? భూతద్దంలోంచి చూశాడు. రెండో పెట్టెలో ఒకావిడ జ్వరంతో ఉన్న పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, జంక్షను ఆసుపత్రికి బయల్దేరి కూర్చుంది. మేస్త్రి మీట తిప్పాడు. జంక్షను చేరేదాకా దాని మీంచి చెయ్యి తీయడానికి లేదు, తీస్తే బండి ఆగిపోతుంది.

బండి స్టేషను దాటింది, మలుపు తిరిగింది. పలకల అతుకు మీద ఐదో పెట్టె ఎక్కి దిగింది, ఆరోదీ ఎక్కి దిగింది. పిడికిళ్ళు చెక్కుచెదరలేదు. ఆయన చేసిన పనులన్నిటిలోకీ అదే గొప్పది. దాన్ని చూస్తుంటే కళ్ళు మసకబారాయి.

అతుకు దాటి రెండంగుళాలు వెళ్ళాక, ఆరో పెట్టె ముందు తలుపులోంచి కనురెప్ప వెంట్రుకంత నల్లటిది ఏదో బయటికొచ్చింది. దాని కొస వంకీ తిరిగి ఉంది. ఆ వంకీ కొక్కెం కింది తీగకి తగులుకుని, పక్కకి లాగింది. పిడికిలి తెరుచుకుంది. ఐదు పెట్టెలు వెళ్ళిపోయాయి. ఆరోది ట్యాంకు నీడలో నెమ్మదిగా ఆగింది.

"ఏమే," అని పిలవబోయాడు. ఆయన ఊపిరికే పెట్టె ఊగింది. నోరు మూసుకున్నాడు.

పెట్టెలోని జనం దిగి, అలవాటు ప్రకారం కాలిబాట పట్టారు. ఆవిడ దిగలేదు. కిటికీ దగ్గర నువ్వుగింజంత తల కదలకుండా ఉంది. మూడు జానల దూరం. చెయ్యి చాపితే అందుతుంది, కానీ చాపకూడదు. కాళ్ళున్నాయి, కానీ వెళ్ళకూడదు. ఒక చెయ్యి మీట మీద పెట్టి, రెండోదాన్ని దాని మీద నమ్మకం లేక వెనక జేబులో దూర్చి, మేస్త్రి గోడ గడియారం చూశాడు. పది నిమిషాలైంది. ఇరవై. ఇంత పొడుగు నిమిషాలు ఆ గడియారంలో ఉన్నాయని ఆయనకి అంతవరకూ తెలియదు.

సరిగ్గా నలభయ్యో నిమిషానికి ఆవిడ దిగింది. పట్టాల మధ్య నిలబడి జంక్షను వైపు చూసింది. ఇటు చూసింది. మళ్ళీ అటు చూసింది. తర్వాత కాలిబాట మీదికి దిగి, ఇటువైపు నడిచింది. వెనకే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని గార్డు.

మరో గంటకి బండి జంక్షను చేరింది. పసిదాన్ని దించుకున్నారు. మేస్త్రి మీట వదిలి, చెప్పుల్లేకుండా వీధినపడి పరుగెత్తాడు. కాలిబాట మొదట్లోనే ఎదురుపడ్డారు.

"కొక్కెం బాగానే బిగించారు," అంది ఆవిడ. "లాగితే గానీ రాలేదు."

"మరి ఎందుకు లాగావు?"

"పిలిచినా ఎవరూ రాకుండా నలభై నిమిషాలు కూర్చుంటే ఎలా ఉంటుందో, మీకూ తెలియాలని."

మేస్త్రి ఆవిడ కుడి చెయ్యి అందుకున్నాడు. బొటనవేలితో మణికట్టు తడిమితే వంకర తగిలింది. దీనికి వాషరు లేదు, మర లేదు, కొలతబిళ్ళ లేదు. ఏం చేయాలో తెలియక ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి లాక్కోలేదు.

"గొడుగు పట్టుకోండి," అంది. "ఎండగా ఉంది."

ఆ తర్వాత ఆరో పెట్టె ఎప్పుడూ ఊడలేదు, కాలిబాటలో గడ్డి మొలిచింది. ఇంట్లోంచి ఎవరైనా పిలిస్తే మేస్త్రి చేతిలోది ఏదైనా సరే అక్కడే వదిలి లేస్తాడు. ఇదంతా కట్టుకథ అనేవాళ్ళు వెళ్ళి ఆ గొడుగు పిడి చూడొచ్చు, వంకీలో నల్లటి జిడ్డు ఇంకా ఉంది. అదీ చాలకపోతే ఆ రోజు ఆరో పెట్టెలో ఉన్న గార్డుని అడగండి. తిన్నగా ఉండే చెయ్యి అయితే తలుపు సందులోంచి గొడుగు పిడి తీగకి అందేదే కాదని ఒట్టేసి చెబుతాడు. ట్రంకుపెట్టె మోసిన నడుము పట్టుకుని ఇప్పటికీ స్టేషను బెంచీ మీదే కూర్చుని ఉంటాడు. ఊళ్ళో అందరూ పిలిచే పేరు పచ్చజెండా.