ఇదలీనా వదిన వినని గంట

అమెరికాలోని ఫాల్ రివర్‌లో నేను ఇరవై రెండేళ్లు మగ్గాలు బాగుచేసిన రాతి మిల్లులోనే ఇప్పుడు కాపురం ఉంటున్నాను. మూతపడ్డాక అది చాలాకాలం పావురాల పాలైంది. పాత కట్టడం కూల్చకూడదని రాళ్లు కడిగి, లోపల గోడలు లేపి, ముసలివాళ్లకు తక్కువ అద్దెకు ఇళ్లు చేసిచ్చారు. కిటికీలు మాత్రం పాతవే. ఒక్కోటి రెండు నిలువుల ఎత్తు.

మూడో అంతస్తులో నా ఎదురిల్లు ఇదలీనాది. ఇద్దరం పోర్చుగీసువాళ్ల సావో మిగెల్ దీవి నుంచి వచ్చాం. బాప్తిస్మంలో మా పెద్దవాడికి ఆమే జ్ఞానతల్లి, అందుకని వదినా అంటాను. మిల్లులో ఆమె ఆరు మగ్గాలు చూసేది. ఆ మోతలో ఎవరి గొంతూ వినబడదు. అందరం పెదాలు మాత్రం కదిపి మాట్లాడుకునేవాళ్లం. ఈ కొస నుంచి ఆ కొసకు తిట్టుకునేది కూడా అలాగే.

ఆ మోత ఆమె చెవులు తినేసింది. పెదాలు చూసి జవాబిస్తుంది కాబట్టి మిల్లువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే నర్సింగ్ హోముకు పంపేస్తారని ఆమె భయం. కిందటేడు కింది అంతస్తు జుల్మీరాను అలాగే తీసుకుపోయారు. జుల్మీరాది మతిమరుపు, పొయ్యి ఆర్పేది కాదు. ఇదలీనాకు చెవుడూ అదీ ఒకటే.

మార్చిలో నిప్పు గంట పరీక్ష పెట్టారు. గంట మోగితే అందరూ వాకిట్లోకి రావాలి. మొదటిసారి ఆమె రాలేదు. నిద్రపోయానంది. రెండోసారి నేనే పిలుచుకొద్దామని తలుపు కొట్టాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది, తలుపు చప్పుడు మాత్రం ఆమెకేం వినబడుతుందని.

మర్నాడు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. మేనేజరు పషేకువాళ్ల అమ్మాయి. ముప్పై దాటి ఉంటుంది, మా దీవివాళ్ల పిల్లే.

“నువ్వూ రా బెల్మీరో,” అంది ఇదలీనా. “అది తల దించుకుని కాగితాలతో మాట్లాడుతుంది. నువ్వు దాని వెనక నిలబడి, అడిగేది నాకు అందించు.”

“పట్టుబడితే?”

“ఇరవై ఏళ్లు ఫోర్‌మన్ ముందే వాణ్ని తిట్టాను. పట్టుకున్నాడా?”

వెళ్లాం. కిటికీ తాడు బిగిసిపోయిందట చూస్తానని చెప్పి మేనేజరు కుర్చీ వెనక నిలబడ్డాను.

“ఇదలీనా గారూ, నిన్న గంట మోగినప్పుడు ఎక్కడున్నారు?” అని ఆ పిల్ల కాగితాలకేసి చూస్తూ అడిగింది.

నేను పెదాలతో అందించాను.

ఇదలీనా నాకేసి చూసి జవాబు చెప్పింది. స్నానం చేస్తున్నానని, కళ్లలో సబ్బు పడిందని, తువ్వాలు దొరకలేదని. ధాటిగా చెప్పింది. ఒక్క ముక్కకూ గొంతు లేదు. గొంతు లేకుండా అడిగినవాళ్లకు గొంతు లేకుండానే చెప్పడం ఆమెకు పద్దెనిమిదో ఏటి నుంచి అలవాటు.

‘గొంతు, గొంతు’ అన్నాను పెదాలతోనే.

‘గొంతుకేం, బాగానే ఉంది’ అంది, తనూ పెదాలతోనే.

మేనేజరు తలెత్తి ఆమెను చూసింది. తరవాత కుర్చీ నావైపు తిప్పింది. చప్పుడు లేకుండా, మా మిల్లు పద్ధతిలో, ‘మీరు బయటికెళ్లండి తాతా’ అంది.

వాళ్ల అమ్మమ్మ కూడా మగ్గాల మీదే బతికిందని నాకు తరవాత తెలిసింది. ఇంట్లో పిల్లల్ని అలాగే కోప్పడేదట.

వసారాలో నిలబడ్డాను. తలుపుకు అద్దం ఉంది. ఇదలీనా వీపు, ఆ పిల్ల మొహం కనబడుతున్నాయి. ఈసారి ఆ పిల్ల తల దించలేదు.

‘ఎవరన్నారు పంపిస్తామని?’ అంది. కాసేపు విన్నది. ‘జుల్మీరా గారి సంగతి వేరు.’ మళ్లీ విన్నది. ‘గంటతోపాటు వెలిగే దీపం పెట్టిస్తాం. ముందే చెప్పాల్సింది కదా.’

ఇదలీనా కుర్చీ ముందుకు జరుపుకుంది.

పాత రాతిగోడకు కన్నం వేయకూడదట. కొత్తగా లేపిన గోడకు, మంచం ఎదురుగా దీపం బిగించారు.

మే నెలలో మళ్లీ గంట మోగింది. నేను బూట్ల తాళ్లు కట్టుకుని దిగేసరికి ఆమె వాకిట్లో ఉంది, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని.

“ఏం బెల్మీరో, చెవుడా?” అంది. ఈసారి అందరికీ వినబడేలా అంది.